ఈయప్ప ఎవురు?

గత నెలలో ఆమె చనిపోయింది. మా ఐసీయూలోనే, కిటికీ పక్కనున్న బెడ్డులో, పట్టపగలు, పక్కన మనుషులుండగా. మర్నాడే దుప్పటి మార్చి ఆ బెడ్డు ఇంకొకరికి ఇచ్చాం. ఆస్పత్రిలో ఎవరి జ్ఞాపకార్థమూ మంచం ఖాళీగా ఉంచరు. కానీ సాయంత్రం డ్యూటీ దిగేముందు ఒక్కో బెడ్డూ అప్పగించుకుంటూ ఆ కిటికీ దాకా వచ్చేసరికి కేసు షీటు మూసి తలెత్తుతాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని అక్కడ నిలబడి, నేను చెప్పబోయే మాట కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది.

తిరుపతిలో మాది పెద్ద సర్కారు ఆస్పత్రి. ఆమె మా ఐసీయూకి హెడ్ నర్సు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అక్కడ పాతకాపు. అందరం పెద్దక్క అనేవాళ్ళం. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళైన డాక్టర్లూ అలాగే పిలిచేవారు. అసలు పేరు జీతాల కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇక్కడా రాయను. రాస్తే నాకే వేరే ఎవరి గురించో చెబుతున్నట్టుంటుంది.

పొట్టి మనిషి. ఎవరితోనో తగాదాకి బయల్దేరినట్టు నడిచేది. సొంతూరు సత్యవేడు పక్క పల్లె, సేద్యం చేసుకునే క్రైస్తవుల ఇల్లు. పొలం గట్టు దాటితే అరవదేశం కాబట్టి కోపం వచ్చినప్పుడు నోట్లోంచి అరవం వచ్చేది. "సీక్రం, సీక్రం" అందంటే మనం పని ఆలస్యం చేస్తున్నామని. "పోదుం" అందంటే ఇక నోరు మూసుకోవాలని. మందులు సిరంజిలోకి తీసుకుంటూ చర్చి పాటలు పాడేది. శ్రుతి అనేది ఆమె దరిదాపులకి వచ్చేది కాదు.

"నీ పాటకి సొమ్మసిల్లినోళ్ళు గూడా లేచి కూసుంటారక్కా" అని ఏడిపించేవాళ్ళం.

"లేస్తే మంచిదే గదా మే. అందుకే పాడతా ఉండా" అనేది.

మా వైపు ఆడపిల్లల్ని చనువుగా "మే" అంటారు. ఆమె నోట్లో ఆ మాట ఒక్కోసారి మొట్టికాయలా ఉండేది, ఒక్కోసారి తల నిమిరినట్టుండేది. మధ్యాహ్నం క్యారియర్ విప్పి సంగటి ముద్దా, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడీ మా అందరి ప్లేట్లలో తలా కాస్త పెట్టేది. వద్దంటే ఆ పూట మనతో మాట్లాడదు.

ఇక అప్పగింత సంగతి. ఒక డ్యూటీ నర్సు ఇంకో డ్యూటీ నర్సుకి రోగుల్ని అప్పజెప్పి వెళ్ళడం ఏ ఆస్పత్రిలోనైనా ఉండేదే. ఏ మందు ఎంత వెళుతోంది, జ్వరం ఉందా, మూత్రం సరిగా వస్తోందా, ఇవన్నీ చెప్పాలి. మా దగ్గర ఇవన్నీ అయ్యాక ఇంకొకటి మిగిలేది. ఆమె కేసు షీటు మూసేసి, మంచం మీద మనిషి వైపు గడ్డం ఊపి అడిగేది.

"జబ్బు సంగతి షీట్లో ఉండాది. ఈయప్ప ఎవురు?"

ఆడమనిషైతే "ఈయమ్మ ఎవురు?" పేరూ ఊరూ చెబితే ఒప్పుకునేది కాదు. కాగితంలో లేని మాట ఒక్కటి చెప్పాలి. ఈయన మామిడితోటకి కాపలా ఉంటాడు, కానీ చీకటంటే భయం, లైటు ఆర్పొద్దు. ఈమెకి మనవరాలి పేరు చెబితే చాలు, కళ్ళు తెరుస్తుంది. అలాంటిది ఏదో ఒకటి. చెప్పలేకపోతే డ్యూటీ దిగనిచ్చేది కాదు. బస్సు పోతుందన్నా వినదు. "తలుపుకాడ వాళ్ళోళ్ళు ఉండారు. పోయి అడుక్కోని రా" అని పంపేది. ఐసీయూ తలుపు బయట చాపలు పరుచుకుని ఉండే బంధువుల దగ్గరికి మేం పోయి, మీ ఆయనకి ఏమిష్టం, మీ అమ్మ దేనికి అలుగుతుంది అని అడిగేవాళ్ళం. దానికి మేం పెట్టుకున్న పేరు పెళ్ళిచూపులు.

చేరిన కొత్తలో నాకిదంతా చాదస్తంగా ఉండేది. ఒకరోజు రేణిగుంట బస్సు తప్పిపోతుందన్న తొందరలో నోటికొచ్చిందొకటి చెప్పేశాను.

"ఈయప్పకి పాటలంటే ప్రాణమక్కా."

ఆమె నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది.

"అట్లనా. ఈయప్పకి పుట్టు సెవుడు మే. మాటా లేదు. పాటలిష్టమని నీకెవురు సెప్పినారు, ఆయనేనా?"

వార్డంతా నవ్వులు. చాలాకాలం నన్ను పాటలమ్మాయి అని పిలిచారు. ఆ రోజు బస్సు ఎలాగూ పోయింది. అయితే ఆ తర్వాత నాకు తెలియకుండానే ఒకటి జరిగింది. గదిలో ఏ మూల పని చేస్తున్నా నా చూపు ఆ మూగాయన వైపు పోయేది. ఆయన పిలవలేడు కదా అనిపించేది. రెండు మూడుసార్లు ఆయనకు ఆయాసం ఎక్కువవడం మిషను కంటే ముందు నేనే చూశాను. పెద్దక్క అది గమనించింది.

"సూసినావా. మనిషెవురో తెలిస్తే కన్ను దానంతటదే ఆ బెడ్డు మిందకి పోతాది" అంది.

ఐసీయూ అంటే బయటివాళ్ళకి మిషన్లు గుర్తొస్తాయి. లోపలున్న మాకు తెలుసు, అక్కడ మనిషిని బతికించేది సగం ఆ చూపే. ఒకరికో ఇద్దరికో ఒక నర్సు ఉంటే పెదవి రంగు మారడం, వేలు వణకడం, కణతల మీద చెమట పట్టడం కనిపిస్తాయి. కనిపిస్తే ఏదో ఒకటి చేయొచ్చు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆ చూపు మా చేతుల్లోంచి జారిపోయింది.

మంచానికీ మంచానికీ మధ్య ఇంకో మంచం వేశారు. నడవడానికి దారి లేక పక్కకి తిరిగి వెళ్ళేవాళ్ళం. బయట హాల్లో స్ట్రెచర్ల మీద, కుర్చీల్లో, సిలిండర్ కావిలించుకుని జనం లోపల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉండేవాళ్ళు. ఖాళీ ఎలా అవుతుందో వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు. మాలో సగం మంది జ్వరాలతో ఇళ్ళల్లో పడుంటే మిగిలినవాళ్ళం ఒక్కొక్కరం ఒక వరుస మొత్తం చూసుకోవాల్సి వచ్చింది. బంధువుల్ని గేటు దగ్గరే ఆపేశారు. తలుపు బయట చాపలు లేవు. తల నుంచి కాలి దాకా సూటు తొడుక్కుని, ఎవరు ఎవరో తెలియడానికి వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్ళం. ఆమె వీపు మీద పెద్దక్క అని రాసింది నేనే.

బెడ్లు పెంచారని టీవీలో చెప్పేవారు. నాకు మండిపోయేది. మంచాలు తెస్తారు, ఆక్సిజన్ గొట్టానికి ఇంకో కొమ్మ తీస్తారు, నిజమే. చూసేవాళ్ళని ఎక్కడి నుంచి తెస్తారు? మామూలు రోజుల్లో అయితే లేచి ఇంటికి పోవాల్సిన మనుషులు ఆ రోజుల్లో ఇల్లు చేరలేదు. ఇది నా కళ్ళతో చూసి చెబుతున్నాను. అవే మందులు, అదే డాక్టరు. ఒకరి ఛాతీ మీద మేం చేతులు పెట్టి నొక్కుతుంటే వెనకాల ఇంకొకరి మిషను మోగేది, మోగేది, ఎవరూ రాకపోతే అది మోగుతూనే ఉండేది. కొన్నాళ్ళకి ఆ చప్పుడు మా చెవులకి ఫ్యాను చప్పుడుతో సమానమైపోయింది.

అప్పగింత కురచైపోయింది. "తొమ్మిదో బెడ్డు, ఆక్సిజన్ తగ్గతా ఉండాది. పదో బెడ్డు, అట్లనే ఉండాడు." అంతే. మొదట్లో పెద్దక్క ఆ గుడ్డల్లోంచే "ఈయప్ప ఎవురు?" అని అడిగేది. మేం చేతులు తిప్పేసేవాళ్ళం. ఎవర్ని అడిగి చెబుతాం? ఒక పొద్దున ఆమె మొదటి బెడ్డు దగ్గర నిలబడి, అడగబోయి, నా కళ్ళద్దాల మీద కారుతున్న చెమట చూసి, రెండో బెడ్డుకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అడగడం మానేసింది. మాకు హమ్మయ్య అనిపించింది. వెంటనే ఏదో పోగొట్టుకున్నట్టు కూడా అనిపించింది.

ఆ రోజుల్లోనే వచ్చాడు ఆ పెద్దాయన. చామనఛాయ, సన్నటి మనిషి. ముక్కూ నోరూ కప్పి బెల్టులతో బిగించే మాస్కు పెట్టాం. ఆయన దాన్ని పీకేసేవాడు. పీకి, వేళ్ళతో నోటి దగ్గర చూపించేవాడు. నీళ్ళు అడుగుతున్నాడనుకుని చెంచాతో పోసేవాళ్ళం. మింగేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, మళ్ళీ నోరు చూపించేవాడు. ఇంకో మంచం మీద ఇంకెవరికో అవసరం వచ్చేది, మేం పరుగెత్తేవాళ్ళం. కాస్త నయమనిపిస్తే గోడ వైపుకి, ఎక్కువైతే మిషను వైపుకి, ఆయన్ని రోజూ మంచం మార్చేవాళ్ళం. బెడ్డు నంబరు మారగానే నిన్న చూసిన నర్సుకి ఈరోజు ఆయన కొత్త మనిషి. మాస్కు ఉండనివ్వడం లేదని చివరికి చేతులు రెండూ గాజుగుడ్డతో మంచానికి కట్టాం. అది తప్పని ఎవరికీ అనిపించలేదు. మాస్కు లేకపోతే బతకడు కదా.

ఒక మధ్యాహ్నం మేమంతా ఆ చివరి మంచం దగ్గర ఒకామెకి గొంతులోకి ఊపిరి గొట్టం వేయించే పనిలో ఉన్నాం. తిరిగొచ్చేసరికి ఆయన మాస్కు బుగ్గ మీదికి జారి ఉంది. చేతులు కట్టేసి ఉన్నాయి. సర్దుకోలేకపోయాడు. ఊపిరి అప్పటికే ఆగిపోయింది.

గేటు దగ్గర కూతురు ఉంది. శ్రీసిటీలో ఏదో కంపెనీలో పని, నాన్నని చేర్చిన రోజు ఆ యూనిఫారంతోనే వచ్చి, ఇక గేటు వదల్లేదు. పెద్దక్క, నేను ఆయన సామాన్ల కవరు తీసుకెళ్ళి ఇచ్చాం. ఆ పిల్ల అందులోంచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి చూసింది.

"ఇది ఈడుండాదేంది? మా నాయన పళ్ళసెట్టు. ఇది లేకుండా మా నాయన ఎవురికీ మొగం సూపీడే. ఆయనకి ఇయ్యలేదాక్కా?"

తిట్టలేదు. నిజంగానే తెలియక అడిగింది. చేర్చుకునేటప్పుడు ఎవరో తీసి డబ్బాలో వేసి, డబ్బా కవర్లో వేసి, కవరు మంచం కింద పెట్టారు. అది మామూలుగా చేసే పనే. పళ్ళు లేకపోతే బుగ్గలు లోపలికి పోతాయి. బుగ్గలు పోతే ఆ మాస్కు అతుక్కోదు, గాలంతా పక్కల నుంచి పోతుంది, బెల్టు ఎంత బిగిస్తే అంత నొప్పి. ఆయన అన్ని రోజులూ మా అందర్నీ ఒక్కటే అడిగాడు. మేం నీళ్ళు పోశాం.

సూట్లు విప్పే గదిలో పెద్దక్క గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నేనే అడిగాను.

"పళ్ళు ఇచ్చింటే బతికేవాడా అక్కా?"

"ఏమో మే. దేవుడికెరుక. జబ్బు పెద్దదే. కానీ ఈయప్ప ఎవురని ఒగ మాట అడిగింటే ఆ బిడ్డ సెప్పుండేది గదా. గేటుకాడే ఉన్నింది గదా ఇన్ని దినాలూ. తీరిక లేదని అడిగేది మానుకుంటిమి."

మొహమంతా చెమట. ఏడుస్తోందని భుజాలు చూసి తెలుసుకున్నాను. ఆమె ఏడవడం నేను అదొక్కసారే చూశాను.

మర్నాడు ఆమె వార్డులో లేదు. వెతికితే మెట్ల కింద, స్ట్రెచర్ లోపలికి మలుపు తిరిగే చోట, బంధువుల్ని ఆపేసే గేటు దగ్గర నిలబడి ఉంది. వచ్చిన ప్రతి స్ట్రెచర్ పట్టుకుని ఆపుతోంది. డ్యూటీ డాక్టరుకి ప్రాణం మీదికొచ్చింది.

"అక్కా, టైమ్ లేదక్కా."

"మీరు ఆక్సిజన్ తగిలించండి సార్. అంతలోకి నేనొగ మాట అడగతా."

గొట్టం తగిలించేంతసేపే. అంతలో ఆమెకి కావలసింది దొరికేది. స్ట్రెచర్ వెంట నడుస్తూ లోపలికి వచ్చి, ఆ సూటులోంచి గొంతు చించుకుని గది మొత్తానికి వినిపించేలా చెప్పేది.

"ఈయప్ప లారీ తోలతాడు. ఎడం సెవు ఇనపడదు. కుడిపక్క నిలబడి మాట్లాడండి."

"ఈయమ్మని పేరు పెట్టి పిలిస్తే పలకదు. టీచరమ్మా అనాల."

"ఈయప్ప సిన్నప్పుడు బాయిలో పడినాడంట. బోర్లా తిప్పితే బయపడతాడు. తిప్పేటప్పుడు సెయ్యి పట్టుకోండి."

చివరగా అందరికీ ఒకటే ప్రశ్న. "కట్టుడు పళ్ళుండాయా?" ప్రాణాల మీద ఉన్న మనిషిని తెచ్చుకుని గుండెలు బాదుకుంటున్నవాళ్ళకి ఆ ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించండి. ఒకాయన ఆమె మీద అరిచాడు. ఆమె మళ్ళీ అదే అడిగింది.

దానివల్ల అందర్నీ బతికించామని రాస్తే అబద్ధం. మంచాలు అలాగే ఉన్నాయి, మేం అంతమందిమే ఉన్నాం, పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. టీచరమ్మ దక్కలేదు. కానీ బావిలో పడినాయన చెయ్యి పట్టుకుంటే బోర్లా పడుకున్నాడు, ఊపిరి నిలబెట్టుకున్నాడు, కొన్నాళ్ళకి తన కాళ్ళ మీద నడిచి ఇంటికి పోయాడు. అంత గందరగోళంలో కూడా నా చూపు నాలుగైదు మంచాల మీదికి మళ్ళీ దానంతటది పోవడం మొదలుపెట్టింది. లారీ డ్రైవరు, టీచరమ్మ, బావి. నంబర్లు పోయి మనుషులు వచ్చారు. ఆ పూటలు గడిచాయంటే ఆమె వల్లే గడిచాయి నాకు.

ఆ గొడవంతా సద్దుమణిగాక ఆమె రిటైరైంది. సత్యవేడు దగ్గర తమ్ముడి ఇంట్లో ఉండేది. వారానికోసారి సాయంత్రం ఫోన్ చేసేది. నా క్షేమం అడగదు, పిల్లల్ని అడగదు.

"మొదటి బెడ్డులో ఎవురుండారు?"

చెప్పేదాన్ని. పై వారం ఆ మనిషి ఏమయ్యాడని అడిగేది. నేను మర్చిపోయుంటే "ఏందిమే నువ్వు" అనేది, అంతకంటే తిట్టు లేదు. ఇప్పుడు ఆ ఫోన్ రాదు. సాయంత్రాలు ఇంట్లో ఫోన్ మోగితే ఇంకా ఆమే అనుకుని చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుతాను. మందుల గదిలో ఎవరూ పాడటం లేదు. శ్రుతిగా పాడే పిల్ల ఒకతి ఉంది కానీ నాకు ఆ పాట అక్కర్లేదు. నాకు కావలసింది ఆ శ్రుతిలేని పాటే.

గత నెలలో ఆమెని తమ్ముడు అంబులెన్సులో తెచ్చాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము, గుండె బలహీనం. నేను తలుపు దగ్గరే ఉన్నాను. అలవాటు కొద్దీ స్ట్రెచర్ ఆపి, ఆ తమ్ముడి వైపు తిరిగి నోరు తెరిచాను. స్ట్రెచర్ మీది నుంచి ఒక చెయ్యి నా కొంగు పట్టుకుని లాగింది. మాస్కు పక్కకి జరుపుకుని, ఆయాసపడుతూ అంది.

"వాణ్ణేం అడగతావు మే, వాడికేం తెలుసు. నన్నడుగు. నాకు పళ్ళన్నీ సొంతవే. బయపడొద్దు."

నాకు నవ్వొచ్చింది, స్ట్రెచర్ పట్టుకుని లోపలికి నడిచాను. ఆమె నాతో చెప్పిన ఆఖరి మాటలు అవే. లోపలికి వచ్చాక మాట్లాడే ఓపిక లేకపోయింది.

ఆ సాయంత్రం అప్పగింత. ఇప్పుడు మా ఐసీయూలో మంచాల మధ్య నడవడానికి దారి ఉంది. ఇద్దరు రోగులకి ఒక నర్సు చొప్పున ఉన్నాం. నా తర్వాత డ్యూటీకి వచ్చింది ఈ మధ్యే చేరిన అమ్మాయి. పెద్దక్కని ఆమె ఎప్పుడూ చూడలేదు. కిటికీ పక్క బెడ్డు దగ్గర నిలబడి మందులూ, జ్వరమూ, అన్నీ రాసుకుంది. మానిటరు మీద అంకెలు చూస్తూనే, నేను నేర్పినట్టుగానే అడిగింది.

"ఈయమ్మ ఎవురక్కా?"

కళ్ళు మూసుకుని ఉన్నా ఆమెకి వినపడుతోందని నాకు తెలుసు. ఏం చెప్పను? సంగటి ముద్ద గురించా, ఆ పాటల గురించా, స్ట్రెచర్ వెంట గొంతు చించుకున్నదా, ఆ గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నదా? ఒక్క మాటే చెప్పాలి. అది ఆమె పెట్టిన నియమమే. ఆ అమ్మాయి బస్సు దిగి అప్పుడే వచ్చింది, ఓపిగ్గా నిలబడింది.

"ఈయమ్మకి పళ్ళన్నీ సొంతవే" అన్నాను.

మాస్కు లోపల ఒక్కసారిగా ఆవిరి కమ్మింది. పెద్దక్క నవ్వుతోంది. ఏమీ అర్థంకాని ఆ అమ్మాయి అంకెలు చూడటం మాని, ఆమె మొహంలోకి చూసింది. అలా చూస్తూనే ఉంది.